టీలో తడిసిన నీలం కోటు

బస్సు ఫిస్కర్టన్ దాటి పల్లంలోకి దిగి అక్కడే ఆగిపోయింది. ముందు రోడ్డు మీద నీళ్ళు. వెనక్కి తిప్పుదామని డ్రైవరు అద్దంలో చూసేసరికి, వచ్చిన దారి కూడా మునిగి ఉంది. ట్రెంట్ నదిది హడావుడి చేసే స్వభావం కాదు. కొండల్లోంచి దూకే నదులు అరుచుకుంటూ వస్తాయి. మనిషికి కనీసం పరిగెత్తే వ్యవధైనా ఇస్తాయి. బల్లపరుపు నేల మీది నదులు గడ్డిలోంచి చప్పుడు చెయ్యకుండా వచ్చి, చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళలా గుమ్మంలో కూర్చుంటాయి. ఇక లేవవు. రైలు పట్టాలను అలాగే ముంచాయి గనకే నాటింగ్‌హామ్ నుంచి న్యూఆర్క్‌కి రైలు బదులు ఈ బస్సు వేశారు.

"ట్రాక్టరు పంపిస్తారట," డ్రైవరు ఇంజను ఆపేసి అన్నాడు. "ఎప్పుడని మాత్రం అడక్కండి డక్, ఆ ముక్క నాకూ చెప్పలేదు."

ఆ వైపు ఎవరు ఎవర్నైనా డక్ అనే పిలుస్తారు, మనం నాయనా, అమ్మా అన్నట్టు.

ప్రయాణికులు గొణిగారు, ఫోన్లు తీశారు. వెనక సీట్లో కిటికీ పక్కన, ఒళ్ళో అల్యూమినియం పెట్టెతో కూర్చున్న ట్రెవర్ హాలమ్ ఒక్కడికే ఆ కబురు విని గుండె తేలికపడింది. న్యూఆర్క్ చేరితే ఒక మాట చెప్పాలి. ఇరవై ఏళ్ళకు పైగా ఆ మాట చెప్పడానికే వెళ్తున్నాడు, ప్రతిసారీ 'అలాగే' అని తిరిగొస్తున్నాడు.

పెట్టెలో మెత్తటి స్పాంజి గూళ్ళలో పాతకాలపు జర్మన్ రాజ్యం ప్రష్యా సైనికులు పడుకుని ఉన్నారు, సీసపు బొమ్మలు. ఒక్కొక్కడూ బొటనవేలు కణుపంత. అందరికీ ముదురు నీలం కోట్లు, తెల్ల పట్టీలు, రాగి బొత్తాలు. వాళ్ళకి దన్నుగా, న్యూఆర్క్‌లో రూపర్ట్ స్టాంటన్ గారి కొట్టంలో, పెద్ద బల్ల మీద అదే నీలం కోట్లతో ఒక మహాసైన్యం నిలబడి ఉంది. అదంతా ట్రెవర్ చేతి పనే.

ట్రెవర్ బడి మానగానే నాటింగ్‌హామ్‌లో ఒక చిన్న పోత కార్ఖానాలో చేరాడు. ఆ ఊళ్ళో పబ్బుల వెనక షెడ్లలో సీసం కరిగించి, రబ్బరు అచ్చుల్లో పోసి, లోకంలోని సైన్యాలన్నిటినీ తయారుచేసిన కాలం ఒకటి ఉండేది. అచ్చు రెండు ముక్కలు కలిసినచోట బొమ్మ మీద సన్నటి గీత పడుతుంది. ఆ గీతను ఆకురాయితో గీకెయ్యడం అతను నేర్చిన మొదటి పని. తర్వాత కుంచె పట్టాడు. కార్ఖానా మూతపడిన వారంలోనే స్టాంటన్ గారు స్వయంగా అతని గదికొచ్చారు. కింద బట్టలు ఉతికే దుకాణం, పైన ట్రెవర్. ఉత్తరపు కిటికీ, రంగులకి మంచి వెలుగు. స్టాంటన్ గారు వైన్ వ్యాపారం కొడుకులకి అప్పగించి, బల్ల మీద బొమ్మ సైన్యాలతో ఆడే యుద్ధాలలో దిగినవారు. "సైన్యమంటే ఒకే చేతి మీద నడవాలి ట్రెవర్. మొదలుపెట్టినవాడే ముగించాలి," అన్నారు.

ఆటగాళ్ళ లోకంలో ఇది పెద్ద పట్టింపు. నాలుగడుగుల దూరం నుంచే పసిగట్టేస్తారు, ఏ దళానికి ఇంకొకరు రంగు వేశారో. అందుకని ఈ దళంతో అయిపోతుందనుకున్నది ఇంకో దళం, ఆ పైన ఫిరంగులు, ఆ పైన బాజాలవాళ్ళు. స్టాంటన్ గారు చెడ్డవారైతే ఎప్పుడో గొడవపడి బయటపడేవాడు. ఆయన క్రిస్మస్‌కి స్టిల్టన్ చీజ్ పంపిస్తారు. ట్రెవర్ కంటికి ఆపరేషనైతే స్వయంగా కారులో తీసుకెళ్ళి, బయట బెంచీ మీద కూర్చున్నారు. అలాంటి మనిషి ముందు 'చెయ్యను' అనే మాట నాలుక చివర దాకా వచ్చి అక్కడే అతుక్కుపోయేది.

అదొక ఎత్తు. అతన్ని నిజంగా భయపెట్టింది ఇంకొకటి ఉంది. అతని కోటు జేబులో, గుడ్డలో చుట్టిన ఒక బొమ్మ ఎప్పుడూ ఉండేది: చంకలో పెద్దబాతును ఇరికించుకున్న పల్లెటూరి ముసలామె. కార్ఖానా ఆఖరిరోజున తన కోసం తాను పోసుకున్నది. ఆవిడకి రంగు వెయ్యాలని ఎన్నోసార్లు కూర్చున్నాడు. లంగా దగ్గరికొచ్చేసరికి చెయ్యి దానంతటదే నీలంలో నలుపు చుక్క, ఎరుపు నలక కలిపేసేది. చూస్తే ప్రష్యా నీలం. మందులో నానబెట్టి, పళ్ళ బ్రష్‌తో తోమి రంగు ఊడగొట్టి, మళ్ళీ బూడిదరంగు అడుగుపూత వేసేవాడు. తోమి తోమి ఆవిడ ముక్కు అరిగిపోయింది.

నడవకి అవతల సీట్లో ఉన్నావిడ ఎదుటి సీటు వెనకున్న చిన్న బల్ల దింపి, కొత్త డబ్బా విప్పి, అందులోంచి ఐదు బొమ్మలు నిలబెట్టింది. లాంతర్లు పట్టుకున్న ఊరి కాపలావాళ్ళు. దుకాణంలోనే అడుగుపూత వేయించి తెచ్చుకున్నట్టుంది. రంగు సీసా మూత తీసి కుంచెని పీకదాకా ముంచింది. ట్రెవర్ కళ్ళు మూసుకున్నాడు, తెరిచాడు.

"మీరలా చూస్తుంటే నా చెయ్యి వణుకుతోంది డక్," అందావిడ తల ఎత్తకుండానే.

"నేను చూడ్డం లేదండీ."

"చూస్తున్నారు. మా బడి వంటశాలకి ఇన్‌స్పెక్టరొచ్చేవాడు, ఇలాగే చూడనట్టు చూసేవాడు. చెప్పండి, ఏం తప్పు చేశాను?"

"రంగు మరీ చిక్కగా ఉంది."

"చిక్కగా ఉంటేనే కదా పట్టేది?"

"అది గ్రేవీకి. ఇక్కడ పాలలా ఉండాలి. వాడి మొహం మీద అంత చిక్కటిది పోస్తే ముక్కూ నోరూ పూడిపోతాయి."

ఆవిడ బొమ్మని వెలుగుకి ఎత్తి చూసుకుంది. "పూడిపోయాయి," అని ఒప్పుకుంది. పేరు నొరీన్ ఓల్డ్‌నో, బళ్ళో వంట చేసి రిటైరైంది. "సాయంత్రం న్యూఆర్క్ లైబ్రరీలో ఈ బొమ్మలతో ఆట. మావాళ్ళకి పెద్ద పట్టింపు, రంగు వెయ్యని బోడి బొమ్మ బల్లెక్కకూడదట. పోయినవారం నావాళ్ళని పక్కన పెట్టేశారు, నేను అందరికీ టీలు కాశాను. జీవితమంతా టీలు కాచి రిటైరైంది మళ్ళీ టీలు కాయడానికా? ఇటు రండి, ఆ పెట్టె పక్కన పెట్టి."

ట్రెవర్ లేచి, ఆవిడ్ని నడవ వైపు జరిపి, కిటికీ పక్కన కూర్చున్నాడు, వెలుగు కోసం. ఆవిడ మాత్రల సీసా అడిగి తీసుకుని, డ్రైవరు దగ్గరికెళ్ళి చూయింగ్ గమ్ ఉందా అని అడిగాడు.

"నమిలిందా, నమలనిదా?" అన్నాడు డ్రైవరు.

"నమిలిందే కావాలి."

"ఈ ఉద్యోగంలో ఇది ఇంతవరకు ఎవరూ అడగలేదు," అంటూ డ్రైవరు నోట్లోది తీసి కాగితంలో పెట్టి ఇచ్చాడు.

దాంతో కాపలావాణ్ణి మాత్రల సీసా మూతకి అంటించాడు. "పట్టుకుంటే సీసానే పట్టుకోవాలి. వేలి జిడ్డు తగిలితే రంగు నిలవదు. కుంచె కొస మాత్రమే ముంచండి. సగం దాటి ముంచితే వెంట్రుకలు చీలిపోతాయి, ఇక అది చీపురే. ఒక పల్చటి పూత, ఆరనివ్వాలి, మళ్ళీ ఒక పల్చటి పూత. మొదటిది చూసి దిగులుపడొద్దు, మచ్చలు మచ్చలుగానే ఉంటుంది."

"పాన్‌కేకులు కూడా మొదటిది అంతే."

"ఆ తర్వాత బాగా నీళ్ళు కలిపిన గోధుమరంగు పైనుంచి వదిలితే మడతల్లోకి జారి నీడలు పడతాయి. అది ఆరాక పొడి కుంచె. రంగు అద్ది, టిష్యూ మీద తుడిచేసి, ఇక ఏమీ మిగల్లేదనిపించాక అప్పుడు ఎత్తుల మీద దులపాలి, బొమ్మకి చక్కిలిగిలి పెట్టినట్టు."

"మరి కళ్ళు?"

"కళ్ళ జోలికి వెళ్ళొద్దు. నీడే కళ్ళలా కనిపిస్తుంది."

నొరీన్ ఫ్లాస్కు తీసి, ఒక ఎర్ర ప్లాస్టిక్ కప్పులో టీ పోసింది, అలాంటిదే ఇంకో కప్పులో కుంచె కడగడానికి నీళ్ళు. ఆ పెట్టెలో ఏముందని అడిగితే తెరిచి చూపించాడు. ఆవిడ చాలాసేపు చూసింది.

"అందరూ ఒకేలా ఉన్నారు."

"ఉండాలి."

"మా బళ్ళో సోమవారం కూర లాగా. నేను మానేశాక కూడా అదే కూరట." నొరీన్ పెట్టె మూసి ఇచ్చేసింది. "సరే, నావాడి కోటు మొదలుపెట్టండి, చూసి నేర్చుకుంటాను."

"ఏ రంగు?"

"మీ ఇష్టం."

అతను కుంచె పట్టుకుని ఆగిపోయాడు. ఆ రెండు ముక్కలు అతనితో ఎవరైనా అని ఎన్నేళ్ళయిందో. పెరుగు డబ్బా మూత మీద రంగులు పెట్టుకున్నాడు. ఆకుపచ్చ వేద్దామనుకున్నాడు, నిజంగానే అనుకున్నాడు. కానీ చెయ్యి నీలం వైపు పోయింది, నలుపు చుక్క అద్దింది, ఎరుపు నలక లాక్కొచ్చింది. కోటు మీద మొదటి పూత పడింది. అదే నీలం. బయట నీళ్ళు బస్సు చక్రాల సగం దాకా వచ్చి నిలిచాయి.

"ఇదీ ఆ పెట్టెలో రంగే కదూ?" అంది నొరీన్.

జేబులో ఫోను మోగింది. స్టాంటన్ గారు.

"ట్రెవర్, మీ బస్సు నీళ్ళలో చిక్కుకుందని తెలిసింది, కంగారుపడకు. లాండ్ రోవర్ తీసుకుని బయల్దేరాను, నీళ్ళు దానికో లెక్క కాదు. కొత్త దళం బొమ్మలు కారులోనే ఉన్నాయి, దారిలో ఇచ్చేస్తాను. ఏమంటావు?"

"అలాగేనండి."

ఫోను పెట్టేసి కుంచె కడిగాడు. ఇంటిదగ్గర టీ ఎడమవైపు, నీళ్ళు కుడివైపు. ఆ అలవాటు చెయ్యి ఎన్నడూ తప్పలేదు. ఇక్కడ ఎడమవైపు కిటికీ అడ్డు, కప్పులు అటూ ఇటూ అయ్యాయి. బాగా తడిసిన కుంచెను ఇంకా ఆరని కోటు మీద లాగాక గాని చూసుకోలేదు, అది పాలు పోసిన టీ అని.

నీలం విరిగింది. భుజాల మీంచి కారి మడతల్లో మడ్డి కట్టింది. ఎత్తుల మీద ఏ సీసాలోనూ దొరకని వెలిసిన రంగు తేలింది, ఎన్నో వానలు చూసిన కోటులా. ట్రెవర్ టిష్యూ కోసం చెయ్యి చాపాడు.

నొరీన్ అతని మణికట్టు పట్టుకుంది. "ఆగండి డక్. వీణ్ణి నేను ఎరుగుదును."

"టీలో ముంచానండీ. పాడైపోయింది."

"మా చిన్నాన్న చేపలు పట్టుకుని పొద్దున ఇంటికొచ్చేవాడు, కోటు అచ్చం ఇలాగే ఉండేది. ఇంకొకడికి ఇలాగే వెయ్యగలరా?"

"తెలీదు," అన్నాడు ట్రెవర్. రంగుల విషయంలో ఆ మాట నోటివెంట వచ్చి ఎంతకాలమైందో. కుంచె చూశాడు, కప్పు చూశాడు. చివరికి ఆ టీ కప్పు ఎత్తి ఒక గుక్క తాగాడు. నొరీన్ ముందు హడలిపోయి, తర్వాత నవ్వు ఆపుకోలేక సీటు పట్టుకుంది.

"రంగు కలిసిందయ్యా అందులో."

"చక్కెర తక్కువైంది," అన్నాడతను.

మిగతా నలుగురికీ ఆవిడే రంగు వేసుకుంది. ఒకడి గడ్డం అంతా అంటుకుపోయినా పల్చగానే వేసింది. ట్రెవర్ సలహా చెప్పలేదు. జేబులోంచి బాతు ముసలామెను తీసి, అరిగిన ముక్కు బొటనవేలితో తడుముతూ, టీ కప్పు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ లంగాకి ముందు టీ పెడితే ఏమవుతుందో అతనికి తెలీదు.

లాండ్ రోవర్ నీళ్ళు చీల్చుకుంటూ వచ్చి బస్సు తలుపు పక్కన నిలిచింది. స్టాంటన్ గారు మోకాలి దాకా రబ్బరు బూట్లతో మెట్టెక్కారు.

"సైన్యం క్షేమమా? అదే ముందడుగుతాను, ఏమనుకోకు. పద ట్రెవర్. గుర్రపు దళం వెనక సీట్లో ఉంది. ఇదే ఆఖరిది, ఒట్టు."

ట్రెవర్ బొమ్మని జేబులో పెట్టుకుని లేచాడు. అల్యూమినియం పెట్టెని ఆయన రెండు చేతుల్లో జాగ్రత్తగా పెట్టాడు, పసిపిల్లని అందించినట్టు. టీ రుచి, రంగు రుచి ఇంకా నాలుక మీద ఉన్నాయి.

"గుర్రపు దళం నేను వెయ్యనండి."

"అలిసిపోయావు. వసంతకాలం దాకా ఆగుదాం, తొందరేం లేదు."

"వసంతానికి కూడా వెయ్యనండి. ఎవర్నైనా పంపండి, ఆ నీలం ఎలా కలపాలో కూర్చోబెట్టి నేర్పిస్తాను."

"చెయ్యి మారిపోతుంది ట్రెవర్. బల్ల మీద తెలిసిపోతుంది."

"తెలుస్తుందండి."

స్టాంటన్ గారి మొహంలో కోపం లేదు. తోడొచ్చినవాడు సంతలో తప్పిపోయినట్టున్న దిగులు ఉంది. అదే ట్రెవర్ ఇన్నేళ్ళూ చూడలేకపోయింది. ఇప్పుడూ చూడలేకపోయాడు. పక్కనుంచి తప్పుకుని మెట్లు దిగాడు. మోకాళ్ళ దాకా చల్లటి నీళ్ళు. రోడ్డు పక్కన వరద గట్టు, దాని మీద ఒక మనిషి నడిచేంత దారి, రెండువైపులా నీళ్ళే. అది ఎక్కడ తేలుతుందో అతను ఎన్నడూ నడిచి చూడలేదు.

గట్టెక్కాడు. బూట్లలో నీళ్ళు ప్రతి అడుక్కీ చప్పుడు చేశాయి. వెనకనుంచి నొరీన్ కిటికీ అద్దం తట్టడం వినిపించింది. ఒకసారి లాండ్ రోవర్ హారన్ కూడా మోగింది, గట్టిగా కాదు. ట్రెవర్ కోటు జేబులో చెయ్యి పెట్టుకుని నడుస్తూనే ఉన్నాడు.