దగ్గినవాళ్ల సాక్ష్యం

యుద్ధం రోజుల మాట. అనకాపల్లి స్టేషన్లో వాల్తేరు బండి కోసం కూర్చుని, మా పక్క హోటలువాణ్ణి పైకే తిడుతున్నాను. నా కాఫీ హోటలు నిండి ఉన్న వేళ, గాలి మా వైపు వీచడం చూసి, వాడు రోజూ మా అరుగు పక్కనే పొయ్యి పెట్టి ఎండుమిరపకాయలు వేయించేవాడు. నా గిరాకీ అంతా దగ్గుకుంటూ లేచిపోయి వాడి హోటల్లో కూర్చునేది.

"ఏటి బావా, ఎవుల్నలా తిడతన్నావు?" అన్నాడు బల్ల రెండో చివరనున్న మనిషి.

చెప్పాను. ప్లీడరు చేత నోటీసు ఇప్పిస్తాననీ, దావా వేసి, దగ్గిన వాళ్లందర్నీ సాక్ష్యానికి పిలిపిస్తాననీ కూడా చెప్పాను.

"నేనూ ఏసేను దావా. నాది సోడాల కొట్టు. పక్కోడు దానికి అడ్డంగా తడిక కట్టేసేడు. కోర్టోలు తీయించేసేరు."

"అయితే గెలిచేవన్నమాట బావా!"

"గెలిసేను. సాచ్చికానికని నా సోడా తాగినోలందర్నీ కోర్టు సుట్టూ తిప్పేను. ఇప్పుడు నన్ను సూత్తే సాలు, ఆల్లు రోడ్డు దాటేసి అటుపక్కనించి ఎల్లిపోతన్నారు. తడికా నేదు, బేరమూ నేదు."

నాకు పక్క హోటలువాడి మీదకన్నా ఈయన మీద ఎక్కువ కోపం వచ్చింది. బండి రాగానే, కావాలనే వేరే పెట్టె ఎక్కాను.

వాల్తేరులో ప్లీడరుగారు నా గోడంతా విని కలం తీశారు. "సాక్షులెవరయ్యా? ఎవరెవరు దగ్గారు?"

"నేనేనండి," అన్నాను. "ఇంకెవరూ దగ్గలేదండి."