సువార్తమ్మ టీచరు గారు అడిగిన వన్స్‌మోర్

శుక్రవారం ఉదయం తాడేపల్లిగూడెంలో నా హార్మోనియం మరమ్మతుల కొట్టు తలుపులు తీస్తూండగా ఏలూరు నుంచి ఫోను వచ్చింది. "మేష్టారూ, అక్క వెళ్ళిపోయిందండీ" అన్నారు సువార్తమ్మ టీచరు గారి చెల్లెలు జ్యోతమ్మ గారు. ఆ తర్వాత ఆవిడేమన్నారో నాకు వినపడలేదు. డెబ్బైతొమ్మిదేళ్ళ వాణ్ణి. మరణవార్తలు నాకు కొత్త కాదు. కాని నాకన్నా పద్నాలుగేళ్ళు చిన్నవారు, ఆదివారం వచ్చి వాయిస్తానని నేను మాట ఇచ్చిన మనిషి, ఆ ఆదివారం దాకా ఆగకుండా నిష్క్రమించడాన్ని నా మనస్సు అంగీకరించలేదు. ఇప్పటికీ అంగీకరించడం లేదు.

మర్నాడు పత్రికలో నాలుగు పంక్తులు వేశారు. విశ్రాంత ఉపాధ్యాయిని మృతి, లెక్కల టీచరుగా సేవలు, పలువురి సంతాపం. అంతే! అరవై ఏళ్ళు నిండాక పొరుగు రాష్ట్రంలోని విశ్వవిద్యాలయానికి వెళ్ళి, మనవల వయసు పిల్లల పక్కన కూర్చుని సంగీతశాస్త్రం చదివిన విదుషీమణి గురించి, ఐరోపా వాళ్ళ ఒపేరా చరిత్రను మన కొల్లేటి గట్టు మీది పద్యనాటకం పక్కన పెట్టి తూచిన సాహసి గురించి ఒక్క అక్షరం లేదు. అయిదో తరగతితో బడి మానేసి, చిత్తుకాగితాల మీద అక్షరాలు దిద్దుకున్న నేను కలం పట్టడానికి ఆ నాలుగు పంక్తులే కారణం.

ఆవిడ మొదటిసారి మా కొట్టుకి వచ్చింది చర్చి హార్మోనియం పట్టుకుని. రీడు ఒకటి మూగబోయింది. నేను విప్పి చూస్తుంటే అన్నారు: "ఏవండీ, నా చిన్నప్పుడు మీరు మా లంక గ్రామంలో నాటకానికి వాయించారు కదండీ? ముసలి రాజు గారు ప్రాణం విడిచే నాటకం?"

"వాయించానండి. మీరు చూశారా?"

"చూళ్ళేదండి. విన్నాను."

ఆ వినడం కథ చెప్పాలి. ఆవిడ తండ్రి గారు పాస్టరు. చర్చీ, వాళ్ళ పేటా కాలవకి ఈవలి ఒడ్డున ఉంటే, నాటకం పందిరి ఆవలి ఒడ్డున. పౌరాణిక నాటకాలు చూడకూడదని తండ్రి గారి ఆంక్ష. తెల్లవారుజామున ఇంటిల్లిపాదీ లేచి ప్రార్థనకు మోకరించే వేళకి, అక్కడ మా కంపెనీ రాజు గారు ముఖారి రాగంలో ఆఖరి పద్యం అందుకుని ప్రాణం విడిచేవారు. రాణి ఘొల్లుమనేది. జనంలోంచి "వన్స్‌మోర్!" అని కేకలు. రాజు గారు మీద కప్పిన గుడ్డ తీసి లేచి, మీసం సర్దుకుని, ఆ పద్యమే మళ్ళీ పాడి మళ్ళీ చచ్చేవారు. ఒక్కోసారి మూడేసిసార్లు. కాలవకి ఇవతల ఏడేళ్ళ పాపకి వేదిక కనపడదు, మైకు ఒక్కటే వినపడుతుంది. తండ్రి గారిని అడిగిందట.

"నాన్నగారూ, అవతలొడ్డు రాజు గారు మూడో రోజు దాకా ఆగలేదేంటండీ? వెంటనే లేచేశారు?"

"ఏ రాజమ్మా?"

"చనిపోయారండి. రాణి గారు ఏడ్చారు. మళ్ళీ లేచి పాడారు."

"నీకెవరు చెప్పారే?"

"మైకు."

పాస్టరు గారు నవ్వు ఆపుకోలేక ప్రార్థన ఆపేశారట. పునరుత్థానం అన్ని కథల్లోనూ ఉంటుందని తాను చాలా ఏళ్ళు నమ్మానని చెప్పి, ఆవిడ మా కొట్టు బల్ల మీద చెయ్యి వేసుకుని నవ్వారు.

నేను నవ్వలేదు. తండ్రి గారు వద్దన్నారు కాబట్టి వెళ్ళలేదని ఆవిడ ఎప్పుడూ మర్యాదగా చెప్పేవారు. వద్దనకపోయినా, పేట పిల్ల కాలవ దాటి వస్తే ఆ పందిట్లో చాప వేసి కూర్చోబెట్టేది ఎవరు? నేను ఆ వేదిక మీదే ఉన్నాను. నాకు తెలుసు. సంస్మరణ అంటే మంచి మాటలే రాయాలంటారు. ఇదీ రాయాలి.

ఉద్యోగ విరమణ చేసిన ఏడాదే విశ్వవిద్యాలయంలో చేరారు. ఏలూరులో ఇరుగుపొరుగుల ఎత్తిపొడుపులకు కొదవ లేదు. "పింఛను వస్తోంది కదండీ, హాయిగా కూర్చోక ఈ వయసులో సంగీతశాస్త్రమేంటండీ?" అని ఒకావిడ అంటే, "కూర్చునే చదువుతానండీ. నిలబడి చదవమనలేదు వాళ్ళు" అన్నారట.

సెలవులకు వచ్చినప్పుడల్లా పాసింజరెక్కి తాడేపల్లిగూడెం వచ్చేవారు. "మేష్టారూ, ఒపేరా అంటే మన పద్యనాటకమేనండీ. కాకపోతే జనం కుర్చీల్లో కూర్చుంటారు" అంటూ ఫోనులో ఒకటి వినిపించారు. మొదట ఆ గాయని గొంతు విని, "ఈవిణ్ణి ఏదైనా కుట్టిందాండీ?" అన్నాను. ఇంకాసేపు విన్నాను.

"ఈవిడ చచ్చిపోబోతోంది కదండీ?" అన్నాను.

"భాష రాదు కదా, మీకెలా తెలిసింది మేష్టారూ?"

"వెనక వాద్యాలు తగ్గించేస్తున్నారు. మేమూ అంతేనండీ. పోయే మనిషికి ఊపిరి వినపడేలా హార్మోనియం పక్కకి తప్పుకోవాలి."

గబగబా పుస్తకం తీసి నా మాట రాసుకున్నారు. జీవితంలో నా మాట ఎవరైనా రాసుకోవడం అదే మొదలు. ఇంటికెళ్ళి మా ఆవిడతో రెండుసార్లు చెప్పాను.

ఆవిడ పరిశోధనకు ఎంచుకున్నది వన్స్‌మోర్‌నే. పూర్వం ఒపేరా హాళ్ళలోనూ జనం ఇలాగే మళ్ళీ పాడమని పట్టుబట్టేవారట. పాడించవద్దని యాజమాన్యాలు ఆజ్ఞలు కూడా వేశాయట. "ఆజ్ఞలు వేస్తే ఊరుకున్నారా?" అని అడిగాను. "ఎక్కడ ఊరుకుంటారండీ! కేకలే కేకలు" అన్నారు. "మరి? మనుషులే కదండీ వాళ్ళూ!" అన్నాను.

మౌఖిక పరీక్షనాడు బయటి నుంచి వచ్చిన పరీక్షకుడొకాయన, చచ్చిన పాత్ర లేచి పాడటం రసభంగమనీ, చదువురాని ప్రేక్షకుల అనాగరికత అనీ సెలవిచ్చాడట. ఎంత మాట! కొల్లేటి గట్టు మీద నాట్లు వేసి వచ్చి, తెల్లవార్లూ నేల మీద కూర్చుని, ఏ పద్యంలో గొంతు జారిందో చెప్పగలిగిన జనం అనాగరికులా? నేనక్కడ ఉంటే ఏం చేసేవాణ్ణో తెలియదు. సువార్తమ్మ గారు మాత్రం మెత్తగా అన్నారట: "అయ్యా, నేను పాస్టరు గారి అమ్మాయినండి. పోయినవాళ్ళు లేవడం మా ఇంట్లో రసభంగం కాదండి." గది గదంతా నవ్విందట. ఆ పరీక్షకుడు కూడా నవ్వి సంతకం పెట్టాడట.

ఇంతవరకూ చెప్పినవన్నీ ఆవిడ కీర్తి. ఇక నా అపకీర్తి చెప్పాలి.

రెండోసారి పాడిన పద్యం మొదటిసారి పాడిన పద్యం కాదు అని నేను ఆవిడతో ఘంటాపథంగా చెప్పాను. చచ్చి లేచినవాడి గొంతు మారుతుంది, దాన్నిబట్టి నా వేళ్ళు మారతాయి, ఏనాడూ ఒకటిగా వాయించలేదు అన్నాను. ఆవిడ లెక్కల టీచరు కదా! మైకుసెట్టు వాళ్ళ దగ్గర మా నాటకం పాత క్యాసెట్టు సంపాదించి, వాచీ పెట్టుకుని, స్వరం స్వరం రాసి చూశారు. పరిశోధన అచ్చయిన పుస్తకంలో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో నా పేరుతో సహా వేశారు: హార్మోనిస్టు చెప్పినది లభించిన టేపుతో సరిపోలేదు.

కొట్టు మీదికి పుస్తకం తెచ్చి ఇచ్చిన మనిషిని కూర్చోమనలేదు. "నా వేళ్ళు అబద్ధం, మీ క్యాసెట్టు నిజమాండీ?" అన్నాను.

"మిమ్మల్ని అబద్ధమనలేదు మేష్టారూ. సరిపోలేదన్నాను. విన్నది రాయకపోతే నేను చదివిన చదువెందుకండీ?"

ఆ తర్వాత ఎనిమిది నెలలు ఆవిడ ఫోను చేస్తే నేను ఎత్తలేదు.

కిందటి సోమవారం జ్యోతమ్మ గారే ఫోను చేసి, "అక్కకి బాగా లేదండీ. మిమ్మల్ని రమ్మంటోందండీ. పెట్టె తెమ్మంది" అన్నారు. మంగళవారం మధ్యాహ్నం హార్మోనియం పెట్టెతో ఏలూరు వెళ్ళాను. ఆవిడ మంచం మీద దిండ్లకి ఆనుకుని ఉన్నారు. మనిషి సగమైపోయారు. ఒళ్ళో తెరిచిన నోటుపుస్తకం. పేజీ మధ్య నిలువుగా గీత. ఎడమ పక్క 'మొదటిసారి' అనీ, కుడి పక్క 'రెండోసారి' అనీ రాసి ఉంది.

"క్యాసెట్టు ఒక్కటే దొరికింది మేష్టారూ. ఒక్కదాన్ని పట్టుకుని తీర్పు చెప్పెయ్యడం తప్పేనండి. మీరు రెండుసార్లు వాయించండి. మీ మాటే నిజమైతే నా చేత్తో దిద్దుతాను."

వాయించాను. రాజు గారి ఆఖరి పద్యం, ముఖారి. పంచమం దగ్గర నిలిచి, ఊపిరి పీల్చుకున్నట్టు ఆగి, పై షడ్జానికి ఎక్కి, అక్కణ్ణుంచి మెల్లిగా దిగడం. ఆవిడ ఎడమ పక్కంతా స్వరాలు రాసుకున్నారు. ముగించాక కళ్ళు తుడుచుకుని, వేలొకటి పైకెత్తి, కాలవ ఒడ్డున ఏడేళ్ళప్పుడు అరవలేకపోయిన మాట సన్నని గొంతుతో అన్నారు.

"వన్స్‌మోర్, మేష్టారూ."

"రైలు టైమయిందండీ. ఆదివారం వస్తాను" అన్నాను.

రైలుకి ఇంకా గంట ఉంది. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. ఎనిమిది నెలల కోపం పూర్తిగా చల్లారక, కాస్త ఎదురుచూడనీ అనుకున్నాను. జీవితమంతా ఎక్కడో వెనక వరసలో ముక్కూమొహం తెలియనివాడు కేకేస్తే మళ్ళీ మళ్ళీ వాయించిన చేతులు ఇవి. ఆ ఒక్క మనిషికి వాయించలేదు. "అలాగేనండీ, ఆదివారం" అన్నారావిడ. పుస్తకం మూయలేదు.

వస్తానన్న ఆ ఆదివారమే, చర్చిలో ఆవిడ సంస్మరణ ప్రార్థనకి, ఆదరణ కూడికకు వెళ్ళాను. మొదటిసారి నా కొట్టుకి వచ్చిన ఆ చర్చి హార్మోనియమే అక్కడుంది. ఒక పద్యం వాయించాలనీ, అది పౌరాణిక నాటకంలోదనీ ఇప్పటి పాస్టరు గారితో చెప్పాను. కుర్రవాడు. "టీచరు గారు అడిగిందేనాండీ?" అన్నాడు. అవునన్నాను. "వాయించండి తాతగారూ" అన్నాడు.

కూర్చున్నాను. పంచమం దగ్గర నిలిచాను. పై షడ్జానికి ఎక్కబోతే చెయ్యి ఎక్కలేదు. అక్కడే నిలిచిపోయింది. ఎంతసేపో తెలియదు. పంచమం మీదనుంచే మెల్లిగా కిందికి దిగి ఆగిపోయింది. అలా నేనెన్నడూ వాయించి ఎరగను. మంగళవారం వాయించినది అది కాదు. వాదంలో నేనే గెలిచాను టీచరు గారూ. ఇంత హీనమైన గెలుపు పగవాడికి కూడా వద్దు.

వచ్చేటప్పుడు జ్యోతమ్మ గారు ఆ నోటుపుస్తకం నా చేతిలో పెట్టారు. "మిగతాది మీరు రాస్తారేమోనండీ" అన్నారు. ఎడమ పక్క ఆవిడ దస్తూరీ పేజీ చివరిదాకా ఉంది. కుడి పక్కన పైన 'రెండోసారి' అన్న ఒక్క మాటే ఉంది.

పేట ఒడ్డు నుంచి కేవలం చెవులతో ఒక కళను సంపాదించుకుని, దానికి శాస్త్రపీఠం మీద చోటడిగిన ఆ మహనీయురాలికి, గురువని ఆవిడ పిలిచినా నిజానికి శిష్యుణ్ణైన నేను చేతులు జోడిస్తున్నాను. ఆ కుడి పక్క నేను పూరించను. స్వరాలు రాయడం నాకు వచ్చు. కాని నేను వాయించిందే నేను రాసుకుంటే అది నా మాటే అవుతుంది. సరిపోయిందో లేదో చెప్పాల్సింది ఆవిడ. ఆ పేజీ కొట్టులో, హార్మోనియం పక్కన, తెరిచే ఉంచాను.