పెద్ద బండి, సగం క్యాన్లు

ఆయన పోయాక వసారాలో బుల్లెట్టు ఒక్కటే స్టాండు మీద నిలబడి ఉండేది. దాన్ని ముట్టుకోవాలంటే నాకు భయం. ముట్టుకోకపోతే బతుకు లేదు.

మాది ఆళ్లగడ్డ పక్కన పల్లె. ఇల్లిల్లూ తిరిగి పాలు పోయించుకుని, పొద్దున టీల వేళకు నంద్యాలలో ఒక శెట్టి హోటలుకు చేర్చడం ఆయన పని. మొదట్లో మాకు చిన్న మోటారు సైకిలు ఉండేది. గడ్డిమోపులు తేవడానికని దాని మీద నాకు నేర్పించాడు. చీర కాసె పోసి కట్టుకుని చేల దారిలో పోతుంటే ఊరు నవ్వింది, కొన్నాళ్లకు నవ్వి నవ్వి మానేసింది. గిరాకీ పెరిగాక ఆయన ఆ బండి ఇచ్చేసి పాత బుల్లెట్టు తెచ్చాడు. వెనక ఇరువైపులా రెండేసి క్యాన్లు తగిలించుకుని పోయేవాడు. దాని జోలికి మాత్రం నన్ను రానీయలేదు.

"పడితే మీద పడతాది. నువ్వు లేయలేవు," అనేవాడు. ఆ ఎండాకాలం కామెర్లు వచ్చి తనే లేవలేదు.

అన్నీ అయిపోయాక మరిది వచ్చి గడప మీద కూర్చున్నాడు.

"వదినా, పాలు బస్సులో పంపిస్తాండావ్. బస్సు పోయేసరికి శెట్టి టీలు అమ్ముకోని ఉంటాడు. పాలు కూడా ఇరిగిపోతాండాయంట. బండి నాకియ్యి, గిరాకీ నేను నిలబెడతా."

"మరి నేనేం చేయాలప్పా?"

"మా ఇంట్లో ఎనుములు లేవా? పేడ ఎత్తుకుంటా ఉండు. తిండికి లోటు చేస్తామా?"

చెడ్డవాడు కాదు. నిజంగానే తిండి పెట్టేవాడు. నా భయమంతా అదే. ఆ గేదెల కొట్టంలోకి ఒకసారి పోతే మళ్లీ బయటికి రానని తెలుసు.

"ఆదివారం నేనే తోలుకోని పోతా. పాలు ఏళకు చేరకపోతే ఆడే తాళంచెవి నీకిస్తా," అన్నాను.

"సరే. క్యాన్లు ఎక్కనీయని ఎక్స్‌ప్రెస్ బస్సులో ముందే పోయి శెట్టి కాడ కూచ్చుంటా," అన్నాడు, నవ్వకుండా.

ఆళ్లగడ్డలో బండ్లు బాగుచేసే సాయిబును ఇంటికి పిలిపించాను. బండి చుట్టూ తిరిగి, "అక్కా, నీ పాత బండికి గేరు ఎడం కాలికి, బ్రేకు కుడి కాలికి. దీనికి తిరగేసి ఉండాది. బ్రేకు ఎడం కాలికి. నెత్తిలో కాదు, కాల్లో పెట్టుకో," అన్నాడు. కిక్కు కొట్టేది చూపించాడు. "బలంగా కాదు. అదను చూసి తన్ను. ల్యాకుంటే అదే నిన్ను తంతాది."

తన్నింది కూడా. పిక్క నల్లగా కమిలింది. అదైనా పట్టుబడింది గానీ కాలు మాట వినలేదు. చేల దారిలో దూడ అడ్డం వస్తే పాత అలవాటున కుడికాలు తొక్కాను. గేరు మారింది, బండి ఆగలేదు. దూడ తప్పుకుంది, నేను కంపలో పడ్డాను. ఇంటికి వచ్చి ఆయన లుంగీ అంచు చింపి ఎడమ చీలమండకు బిగించి కట్టుకున్నాను. గుడ్డ ఉన్న కాలు ఆపే కాలు. నిద్రలో కూడా దాన్ని విప్పలేదు.

ఆదివారం ముందు రాత్రి వాన పడింది. బస్సు ఆలస్యాలకు విసిగి చాలా ఇళ్లవాళ్లు మాకు పాలు పోయడం మానేశారు. ఉన్న పాలు రెండు క్యాన్లకే సరిపోతాయి. నిండు క్యాను ఎత్తి కొక్కేనికి తగిలించలేనని నాలుగింటిలోనూ సగం సగం పోశాను. తేలిగ్గా ఉంటుందనుకున్నాను.

రోడ్డెక్కగానే బండి నాది కాకుండా పోయింది. క్యాన్లలో పాలు ఒక పక్కకు కొట్టుకుంటే బండి ఆ పక్కకు లాగుతుంది. సరిచేసుకునేలోగా రెండో పక్కకు. శిరివెళ్ల రాకముందే భుజాలు పట్టేశాయి. వెనక నుంచి ఎక్స్‌ప్రెస్ బస్సు హారన్ కొట్టుకుంటూ దాటిపోయింది. కిటికీలో మరిది మొహం. బండి పక్కకు తీసి, రెండు కాళ్లూ మోపి ఆగాను.

తిరిగి పోదామనే అనుకున్నాను. పోతే ఎక్కడికి? కొట్టంలోకే.

బండి ఆగినా క్యాన్లలో పాలు ఇంకా తపతపమని కొట్టుకుంటున్నాయి. ఆ చప్పుడు వింటూ నిలబడ్డాను. ఆయన ఏనాడూ సగం క్యాన్లతో పోలేదని అప్పుడు గుర్తుకొచ్చింది. స్టాండు వేసి, ఒక్కో పక్క ఒక క్యాను దించి, అందులోని పాలు పక్క క్యానులోకి మెడ దాకా వంచాను. కొన్ని పాలు మట్టిలో పోయాయి. పాలు కదలకుండా మూతల కింద గడ్డి కుక్కి, ఖాళీవి మళ్లీ తగిలించాను.

బరువు అదే. కానీ ఈసారి బండి ఊగలేదు. నేను చూసిన వైపుకు పోయింది.

నంద్యాల దగ్గరపడేచోట చేలలోంచి వచ్చిన బండ్లు నల్లరేగడి బురదను తారు మీద పరిచిపోయాయి. సబ్బులా ఉంది. ఎదురుగా ఒక ఎడ్లబండి రోడ్డుకు అడ్డంగా తిరుగుతోంది. నేను ఆలోచించలేదు. గుడ్డ కట్టిన కాలు తనే మెల్లగా దిగింది. వెనక చక్రం కాస్త జారి, ఆ బరువుకే మళ్లీ నేలను పట్టుకుంది. ఎడ్ల తోకల దగ్గర ఆగాను.

హోటలు దగ్గర శెట్టి మూత తీసి వాసన చూశాడు. పొయ్యి మీద గిన్నెలో కొంచెం పోసి, పొంగేదాకా కళ్లార్పకుండా చూశాడు.

"ఇరగలా. టీల ఏళకే తెచ్చినావ్. ఏందమ్మా, రెండు క్యాన్లు ఖాళీగా మోసుకొచ్చినావ్? రేపు అవి కూడా నింపుకోని రా."

మరిది టీ గ్లాసు పట్టుకుని బయటికి వచ్చాడు. తాళంచెవి నా చేతిలోనే ఉంది. మరిది దాని వైపు చూడలేదు.

"దావలో ఊగుతాంటివి. పడతావనుకుంటి."

"నేనూ అనుకుంటి. ఇంటికేనా? బస్సుకు ఇంకా చానా సేపుండాది, ఎక్కు."

అటూ ఇటూ చూశాడు. "ఈడొద్దు వదినా. ఊరు దాటినాక ఎక్కుతా."

టవలు భుజాన వేసుకుని ముందు నడిచాడు. నేను తీరిగ్గా టీ తాగి బయల్దేరాను. ఊరి చివర చింతచెట్టు కింద నిలబడి ఉన్నాడు. వెనక ఎక్కి కూర్చుని, కాళ్లు నేలకు జార్చాడు, ఎందుకైనా మంచిదని.

"కాళ్లు పైకి పెట్టుకోప్పా," అన్నాను. "ఆపేది నేను."