పద్నాలుగో నంబరు పెరడు

మా ఆర్విల్ టిబెట్స్ లోకాన్ని ఉత్త కళ్ళతో చూడడు. పక్కన ఫొటో పెట్టుకుని చూస్తాడు.

తప్పు అతనిది కాదు, మా ఉద్యోగానిది. తూర్పు ఓరెగాన్ అడవుల్లో ఎండుపుల్లలూ దుంగలూ ఎక్కడ ఎంత పేరుకున్నాయో, నిప్పు పడితే ఎంత రేగుతుందో ముందే అంచనా కట్టాలి. అడవినంతా తూకం వెయ్యలేం గనక, తూచిన చోట్ల ఫొటోలతో పుస్తకమొకటి ఇచ్చారు. ఒకటో ఫొటో ఊడ్చిన వాకిలి. పద్నాలుగోది అగ్గిపుల్ల కోసం ఎదురుచూసే చెత్త. ఎదుట ఉన్నది ఏ ఫొటోని పోలితే దాని లెక్కే దీనికీ.

ఆర్విల్ ఆ పుస్తకాన్ని అన్నిటికీ వాడేవాడు. "ఏమోయ్, నీ గడ్డం ఆరో ఫొటో. సన్నపుల్లలే గానీ దుంగల్లేవు" అన్నాడు నాతో. పెళ్ళాం చేసిన కూరకి తొమ్మిదో నంబరిచ్చి వరండాలో పడుకున్నాడు. పొద్దున అడిగితే, వరండా నాలుగో ఫొటో అన్నాడు.

అలాంటివాడి కంట బెర్నిస్ క్రోల్ పెరడు పడింది. ఊరి చివర ఒంటరి ముసలావిడ. ఎండిన పైన్ ఆకులు గడప దాకా వచ్చేశాయి. కొండ అంటుకుంటే ముందు పోయేది ఆవిడ ఇల్లే. బాగుచేస్తామంటే మాత్రం చేతికర్ర ఎత్తేది.

"అమ్మా, అచ్చం పద్నాలుగు!" అన్నాడు ఆర్విల్ కంచె బయటినుంచి.

"నీ మొహం పద్నాలుగు! ఎవరి సాయమూ నాకక్కర్లేదు, పో!"

"సాయం మీరే చెయ్యాలి. కొత్త పుస్తకానికి ఒకే చోట పద్నాలుగు నుంచి ఒకటి దాకా ఫొటోలు కావాలి. ఇంత గొప్ప చెత్త జిల్లాలో ఇంకెక్కడుంది?"

కర్ర కిందికి దిగింది. "పుస్తకంలో నా పేరేస్తారా?"

"వెయ్యకుండానా!"

ఇక ప్రతి శనివారం మా నడుములు విరిగాయి. మేం కొంత నరకడం, కొంత ఊడ్చడం. ఆర్విల్ ఎరుపూ తెలుపూ చారల కొలకర్ర పాతి, ఫొటో తీసి, "పదమూడు!" అని కేకపెట్టడం.

"ఇంతకీ ఆ పుస్తకం ఎప్పుడొస్తుంది?" అని విసుక్కున్నాను.

"పుస్తకమా? కెమెరాలో రీలే లేదోయ్!" అని కన్నుకొట్టాడు.

ఒకటో నంబరు పూర్తయిన వారానికి పిడుగుపడి కొండ అంటుకుంది. మంట ఆవిడ పెరటి అంచుదాకా ఉరికొచ్చి, తినడానికేమీ దొరక్క చతికిలబడింది. మసి మొహాలతో గంతులేశాం.

మర్నాడు బెర్నిస్ పళ్ళెం నిండా హకిల్‌బెర్రీ అనే అడవిపళ్ళ కేకు పట్టుకొచ్చింది. ఆర్విల్ బుర్ర గోక్కున్నాడు. "అమ్మా, ఆ ఫొటోల రీలు పాడైపోయింది..."

"ఏ రీలు బాబూ? ఒక్కనాడైనా కెమెరా మూత తీశావా?"

"తెలిసీ ఊరుకున్నారా?"

"అంత ముచ్చటగా అబద్ధమాడుతుంటే కాదనడానికి మనసొప్పలేదు. తిను."

ఆర్విల్ పళ్ళెం ముందు చతికిలబడ్డాడు. పద్నాలుగో నంబరు పళ్ళేన్ని ఒకటో నంబరుకి తెచ్చేదాకా తలెత్తలేదు.