పెద్దకోడలు కుట్టిన గ్లౌజులు

ఆ ఇంటి ముందుగదిలో కుట్టుమిషన్లు మూడు, కత్తిరింపు బల్ల ఒకటి. మిషన్ దగ్గర ఎవరైనా కూర్చోవచ్చు. బల్ల దగ్గర మాత్రం ఒక్కరే నిలబడతారు. ఏ గుడ్డ ఏ ఆకారంలో తెగాలో తేల్చేది ఆ మనిషే. అత్తగారి చూపు మందగించినప్పటి నుంచి ఆ చోటు పెద్దకోడలిది. ఆమెకు పని ఎవరూ నేర్పలేదు. పాత చొక్కాల కుట్లు విప్పి, ముక్కలు నేల మీద పరిచి, మళ్లీ అతికించి నేర్చుకుంది.

చిన్నకోడలికి గీత తిన్నగా రాదు. అందుకని సరుకు ఇచ్చి వచ్చే పని ఆమెకు పెట్టారు. ఇచ్చిన చోటల్లా కాసేపు చతికిలబడి, వాళ్ల గోడు విని వస్తుంది.

బేకరీలో వేడి ట్రేలు పట్టుకోవడానికి పెద్దకోడలు దళసరి గ్లౌజులు కుట్టింది. ఒకసారి కొన్న యజమాని మళ్లీ అడగలేదు.

"అక్కా, వాళ్లు మన గ్లౌజులు వేసుకోవట్లేదు. భుజం మీది తువ్వాలే మడిచి పట్టుకుంటున్నారు" అంది చిన్నకోడలు.

"నిన్న నేను వెళ్లాను కదే! అందరి చేతులకీ ఉన్నాయి."

"నువ్వెళితే ఉంటాయక్కా. నేనెళితే ఉండవు."

పెద్దకోడలికి ఒళ్లంతా కారం రాసినట్టయింది. గ్లౌజులు బాగాలేవన్నందుకు కాదు. ఆ మాట వాళ్లు తనతో అనకుండా, దీనితో అన్నందుకు.

అత్తగారు ఇద్దరినీ పిలిచింది. "బేకరీ ఆయన కొత్త నమూనా చూపించమన్నాడు. నచ్చితే తన అన్ని కొట్లకీ మనవే, లేకపోతే ఇంకో చోటికి పోతాడట. చెరొకటి చెయ్యండి. అక్కడ పొయ్యి చూసే మేస్త్రీ ఎవరిది తీసుకుంటే బల్ల వాళ్లది."

"దానికి గీతే రాదు కదత్తయ్యా!"

"గీత నేను గీయిస్తాలే. ఏం గీయాలో దానికి తెలుస్తోందిగా."

ఆ మధ్యాహ్నమే పెద్దకోడలు బేకరీకి వెళ్లింది. ఆమె గుమ్మంలో కనబడగానే అందరి చేతులకూ గ్లౌజులు ఎక్కాయి.

"మేస్త్రీగారూ, వీటిలో లోపం ఏమైనా ఉంటే చెప్పండి."

"లోపమా? భలేవారమ్మా! మీ చేతిపనికి వంక పెడితే కళ్లు పోతాయి."

ఆమె గ్లౌజు తిప్పి చూసింది. వెన్న మరక లేదు, మాడిన గుర్తు లేదు. ఇంకా కొత్తగుడ్డ వాసనే వస్తోంది.

మర్నాడు చిన్నకోడలి వెనకే వెళ్లి, వీధిలో నిలబడి కిటికీ అద్దంలోంచి తొంగిచూసింది. చిన్నకోడలు పిండిబస్తా మీద కూర్చుని విరిగిన బన్ను తింటోంది. మేస్త్రీ గ్లౌజులు గాల్లో ఊపుతూ, ముఖం ఎర్రబడేలా తిడుతున్నాడు. మాటలు వినపడటం లేదు. పెద్దకోడలు అద్దానికి ఇంకా దగ్గరగా జరిగింది. ఆ తిట్లు తనవి. తను కుట్టిన వాటికి పడాల్సిన తిట్లు. వాటిని చిన్నది బన్నుతో పాటు హాయిగా నమిలి మింగుతోంది.

ఇక అడగదలచుకోలేదు. మరుసటి ఉదయం, ట్రేలు వరసగా దిగే వేళకు లోపలికి వెళ్లి కొంగు దోపింది.

"ఇవాళ నేను తీస్తాను."

"వద్దమ్మగారూ, కాలుతుంది."

"నా గ్లౌజులున్నాయిగా."

మొదటి ట్రే బాగానే వచ్చింది. రెండోది తీసేలోపు గంట మోగింది. పొయ్యి మీట తిప్పాలంటే గ్లౌజులు తీయాలి. తీసింది. మళ్లీ తొడగబోతే ఎడమది కుడిచేతికి ఎక్కింది. బొటనవేలు ఇరుక్కుంది. రొట్టెలు నల్లబడుతున్నాయి. కంగారుగా లాగిన ట్రే ఒరిగి, సగం రొట్టెలు నేలపాలయ్యాయి.

"నీకు బుద్ధుందా!" అని మేస్త్రీ అరిచాడు. "ఆ దిక్కుమాలినవి తీసి అవతల పారెయ్! ఒక చేత్తో ట్రే, ఒక చేత్తో మీట! ఇది తొడుక్కుంటూ కూర్చుంటే కొట్టు మూసుకోవాలి! కుట్టినవాళ్లు ఎప్పుడైనా పొయ్యి మొహం చూశారా?"

అన్నాక నాలుక కరుచుకున్నాడు. "అమ్మగారూ, ఏదో నోరు జారి..."

"జారనివ్వండి. ఇంకా ఏమిటి?" అందామె, కాలిన వేలు నోట్లో పెట్టుకుని.

ఇంటికెళ్లి మెడలో వేలాడే పొడుగాటి పట్టీ కత్తిరించింది. రెండు చివర్లా దళసరి, వేళ్లు దూర్చేంత జేబు, కుడి ఎడమల తేడా లేదు. చిన్నకోడలు చేసిందీ ఇంచుమించు అదే. కాకపోతే రెండో ట్రేకే దాని కుట్టు ఊడింది. పెద్దకోడలి పట్టీని మేస్త్రీ మెడలో వేసుకుని, టీ తాగడానికి వెళ్లినా తీయడం మరచిపోయాడు.

బల్ల ఆమెదే అయింది.

"నీకెవరు చెప్పారక్కా?" అంది చిన్నకోడలు ఉక్రోషంగా.

"మేస్త్రీయే. బుద్ధుందా అని తిట్టాడు. మీరు అన్లేదు, 'నువ్వు' అన్నాడు."

చిన్నకోడలి మొహం చిన్నబోయింది. "నన్నెప్పుడూ అంత మాట అన్లేదే!"

పెద్దకోడలు కత్తెర తీసుకుని, నవ్వు కనబడకుండా బల్ల మీదికి వంగింది.