వినపడలేదన్నాను

ఈ మాట ఇన్నేళ్లుగా నాలోనే ఉంది. మా ఆవిడకు చెప్పలేదు, అమ్మకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. చెప్పేటప్పుడు ఏడుపు వస్తుందేమో అనుకున్నాను. రావడం లేదు. చాలాకాలం మోసిన బరువు ఒంట్లో కలిసిపోతుందేమో, ఎక్కడ నొప్పి అని అడిగితే చూపించడానికి కూడా చోటు దొరకదు.

సంగతి ఇది. నా స్నేహితుడి భుజం నేను కావాలనే పాడుచేశాను. కావాలని అంటే... వదలాల్సినప్పుడు వదల్లేదు. రెండూ ఒకటేనా? ఒకటే. అయినా రాస్తుంటే చెయ్యి రెండో మాట వైపే పోతోంది, చూశారా.

అతని పేరు మార్చి మల్లేశ్ అంటాను. మాది శంషాబాద్ దాటాక మహేశ్వరం వైపు ఒక ఊరు. ఇద్దరం ఒకే తాలీమ్‌లో కుస్తీ నేర్చుకున్నాం. తాలీమ్ అనగానే పెద్దగా ఊహించుకోకండి. రేకుల షెడ్డు, ఎవరో ఇప్పించిన పాత మ్యాట్, పొద్దున్నే తిట్లతో నిద్రలేపే ఉస్తాద్. అంతే. మల్లేశ్ నాకంటే ఏడాది చిన్న, నన్ను అన్నా అని పిలిచేవాడు. కానీ మ్యాట్ మీద ఒక్కసారి కూడా నాకు చిక్కలేదు. పైగా ఇద్దరిదీ ఒకే బరువు. గెలిచి లేచినప్పుడల్లా నా వీపుకంటిన దుమ్ము తనే దులిపేవాడు. ఆ దులపడమే నాకు మంటగా ఉండేది.

ఎయిర్‌పోర్టు తెరిచిన కొత్తలో విమానాలు చూడడానికి గోడ దాకా నడిచిపోయేవాళ్లం. ఏడాది తిరిగేసరికి తల ఎత్తి చూసేవాడే లేడు. మా ఊళ్లో మాట్లాడే తీరు మాత్రం మారిపోయింది. విమానం నెత్తిమీదికి రాగానే ఎంత ముఖ్యమైన మాటైనా సగంలో ఆపేస్తాం. అది పోయాక ఆపిన చోటే అందుకుంటాం. సంబంధం మాట్లాడడానికి వచ్చిన పెద్దలూ అంతే, పోట్లాడుకునే తోడికోడళ్లూ అంతే. బయటివాళ్లకు ఇది నవ్వులాట. మాకు అలవాటు. ఆ కాసేపు ఎవరికీ ఏదీ వినపడదని మా దగ్గర అందరూ నమ్ముతారు.

ఆ రోజుల్లోనే ఆసియా దేశాల కుస్తీ పోటీలకు మన జట్టును ఎంచుతున్నారు. మా బరువులో చివరికి మిగిలింది మేమిద్దరమే. ఢిల్లీలో జరిగే ఆఖరి ఎంపికలో ఎవరు గెలిస్తే వాళ్లు వెళ్తారు. ఎవరు గెలుస్తారో మా ఊళ్లో అందరికీ తెలుసు. నాకు ఇంకా బాగా తెలుసు.

దానికి ముందు కొన్నాళ్లు ఇంటి దగ్గరే సాధన చేశాం. ఒక సాయంత్రం మల్లేశ్ బోర్లా పడ్డాడు, నేను అతని వీపు మీద ఉన్నాను. కుడిచెయ్యి వెనక్కి లాగి, పైకి తోస్తూ వెల్లకిలా తిప్పే పట్టు అది. సాధనలో జాగ్రత్తగా వేయాలి. కింద ఉన్నవాడు చేత్తో మ్యాట్ తట్టినా, ‘బస్’ అన్నా ఆ క్షణమే వదిలేయాలి. మా తాలీమ్‌లో మొదటి రోజు నేర్పేది ఇదే, దండీలు బస్కీల కసరత్తు దాని తర్వాతే. మల్లేశ్ ఎడమచెయ్యి తన ఒంటికిందే ఇరుక్కుపోయింది. అందుకని నోటితో అన్నాడు.

‘బస్.’

మంచినీళ్లు అడిగినట్టు మామూలుగా అన్నాడు. నేను వదులుతానని అంత నమ్మకం. నేను వదల్లేదు. ‘బస్ అన్నా’ అన్నాడు మళ్లీ. అప్పుడు ఏమనుకున్నాను? కాస్త బెదిరితే ఢిల్లీలో జంకుతాడు అనుకున్నానా? ఒక్కసారైనా నా కింద గింజుకోనీ అనుకున్నానా? ఎన్నిసార్లు తవ్వినా అక్కడ ఏ ఆలోచనా దొరకదు, నా చేతులు ఇంకొంచెం పైకి తోయడం మాత్రమే కనిపిస్తుంది. అప్పుడు వచ్చింది విమానం. దాని మోతలో మల్లేశ్ భుజం నా అరచేతి కింద కదిలింది. చప్పుడు వినపడలేదు. చేతికి తెలిసింది.

ఉస్తాద్ పరుగెత్తుకొచ్చాడు. ‘బస్ అన్నడా, అనలేదారా? ఇనవడలేదా నీకు?’

‘గాలిమోటరొచ్చింది ఉస్తాద్. ఇనవడలే.’

ఆయన షెడ్డు బయటికి తొంగి, తల పైకెత్తి చూశాడు. విమానం ఇంకా కనిపిస్తూనే ఉంది. ఇంక ఒక్క మాట అడగలేదు. ఎందుకు అడుగుతాడు? ఆ ఊళ్లో నేనేం చెబితే నమ్ముతారో అదే చెప్పాను. ఆలోచించి చెప్పలేదు. అంత సులువుగా వచ్చిందే అబద్ధం, అదే నన్ను ఇప్పటికీ భయపెడుతుంది.

దవాఖానలో భుజం కట్టారు, తర్వాత ఆపరేషన్ చేశారు. చెయ్యి మళ్లీ పూర్తిగా పైకి లేవదన్నారు. మల్లేశ్ నొప్పిలో కూడా అందరికీ నా తరఫునే చెప్పాడట, అన్న తప్పేం లేదు, గాలిమోటర్ మోత అని. అతనికి నిజంగానే అలా గుర్తుందా? లేక తెలిసీ నన్ను కాపాడాడా? అడగలేదు. అడగాలంటే ముందు నేను చెప్పాలి కదా.

అతను లేకపోవడంతో నేనే ఎంపికయ్యాను. శంషాబాద్ నుంచే విమానం ఎక్కాను. మల్లేశ్ మెడకు చెయ్యి వేలాడేసుకుని వచ్చి, ఎడమచేత్తో దండ వేశాడు. అక్కడ మొదటి కుస్తీలోనే ఓడిపోయాను. ఒక్క విషయమే గుర్తుంది. ప్రత్యర్థి నా మీద ఉన్నాడు, రెఫరీ ఈల ఊదాడు, అతను వెంటనే వదిలేశాడు. ఏమీ కష్టపడలేదు. వదిలేయడం అంత సులువని అప్పుడు చూశాను.

ఓడినా ఊళ్లో ఫ్లెక్సీ కట్టారు. ఆసియా పోటీల్లో ఆడినవాడినని ఉద్యోగమూ వచ్చింది. ఆ ఉద్యోగంతోనే ఇల్లు కట్టాను, పెళ్లి చేసుకున్నాను. నాకు సంతోషమూ లేదు, ఏడుపూ లేదు. ఆదివారాలు మల్లేశ్ కనిపిస్తే చాయ్ తాగేవాళ్లం.

తెలంగాణ వచ్చిన ఏడాది మల్లేశ్ అదే షెడ్డులో పిల్లలకు కుస్తీ నేర్పడం మొదలుపెట్టాడు. ఒకసారి రమ్మంటే వెళ్లాను. పిల్లలు జతలుగా పెనుగులాడుతున్నారు. ఇంతలో విమానం మోత మొదలైంది. పిల్లలందరూ ఒక్కసారిగా పట్లు వదిలేసి, చేతులు పైకెత్తి నిలబడ్డారు. అది దాటిపోయే దాకా ఎవరూ కదల్లేదు.

‘ఇదేంది మల్లేశ్?’ అన్నాను.

‘రూల్ వెట్టిన అన్నా. గాలిమోటరొస్తే అందరు ఇడ్సిపెట్టాలె. మాట ఇనవడది గద. నాడు నువ్వెంత పరేషానైనవో నాకెర్కే. గసొంటిది ఇంకెవ్వలకు కావొద్దు.’

నేను పరేషానయ్యానట. నాకైంది ఇంకెవరికీ కావద్దట. నా అబద్ధానికి అతను ఒక నియమం కట్టి, పసిపిల్లల చేత దాన్ని పాటింపజేస్తున్నాడు. ఆ నియమం మంచిదే, పిల్లలకు దెబ్బలు తగలవు. మరి నేను నిజం చెబితే ఏమవుతుంది? అతని భుజం రాదు. అతనికి మిగిలిన అన్న కూడా పోతాడు. ఇలా అనుకోవడం అతని కోసమా, నా కోసమా? నా కోసమే. ఆ రోజు నోరు తెరిచాను కూడా. ‘మంచిగ వెట్టినవ్’ అని వచ్చేశాను.

ఇప్పటికీ అతనికి చెప్పలేదు. చెబుతానని మాట ఇవ్వలేను. మీరు క్షమించాలని కూడా అడగడం లేదు, మీ చేతిలో ఉన్నది కాదు అది. ఒక్కచోటైనా ఉన్నది ఉన్నట్టు రాయాలనిపించింది. మల్లేశ్ బస్ అన్నాడు. రెండుసార్లు అన్నాడు. నాకు వినపడింది.