గుజరాతీ తాతయ్యకు దొరకని పాట

నా చిన్నప్పుడు ఇస్నాపూర్‌లో మా ఇంటి ముందరి గదిలో ఒక గుజరాతీ కవి కిరాయికి ఉండేవాడు. కొడుకు రంగుల కంపెనీలో కెమిస్టుగా వస్తే, భార్య పోయి ఒంటరైన ఆయన కూడా వెంట వచ్చాడు. నేను తాతయ్య అనేదాన్ని. మా నాయినమ్మకు మాత్రం గుజరాతీ అంటే సేటే.

"ఓ సేటూ, దుకాణం పెట్టవు, బేరం జెయ్యవు. గా కాయితాల మీద ఏం మొలుస్తదని పొద్దుగాల్నుంచి గీకుతున్నవ్?" అని గడపలోంచే అడిగేది.

"వాన పడలె అమ్మా, పడితే మొలుస్తది" అనేవాడాయన, హిందీ యాస కలిసిన తెలుగులో.

ఆయన గదిలో మంచం కన్నా పెద్ద ట్రంకు పెట్టె ఉండేది. దాని అడుగున సన్మానాల శాలువాలు, పైన నోటు పుస్తకాలు. పైగీత లేని హిందీలా కనిపించేది ఆ లిపి. తమ భాషలో ఆయన పేరున్న కవి అనీ, ఛందస్సు మీద ఆయన మాటే చివరి మాట అనీ కొడుకు చెప్పేవాడు. పద్యం పంపమని అక్కడినుంచి ఉత్తరాలు వచ్చేవి. ఆయన మాత్రం పద్యాలు రాయడం ఎప్పుడో మానేశాడు. ఇప్పుడు రాసేవన్నీ ఆడవాళ్ల పాటలు. వాళ్ల వైపు మనిషి పోతే ఆడవాళ్లు వలయంగా నిలబడి, గుండెలు బాదుకుంటూ పాడే పాటలు. ఊరూరూ తిరిగి వాటిని రాసుకున్నాడు. ఏ ఊరి పాట ఏ నడకలో ఉంది, ఏ మాట ఎక్కడ మారింది అని పోల్చి చూస్తూ వాటి మీద పుస్తకం రాస్తున్నాడు.

మా నాయిన బడిపంతులు. ముహూర్తాలు, దయ్యాలు, జాతకాలు మా ఇంటి గడప దాటనివ్వలేదు. ఇంటికి ఎవరొచ్చినా నన్ను స్టూలు మీద నిలబెట్టి వాదించమనేవాడు. పదేళ్లకే నేను పెద్దవాళ్ల నోరు మూయించేదాన్ని. నాయినకు తాతయ్య అంటే గౌరవం, ఆయన పనంటే చిరాకు. చచ్చిపోవాల్సిన ఆచారాన్ని ఈ పెద్దమనిషి పుస్తకంలో పెట్టి బతికిస్తున్నాడని నాతో అనేవాడు. నేనూ అదే నమ్మాను. ఎందుకంటే మా నాయినమ్మ కూడా అలాంటి పనే చేసేది. చుట్టుపక్కల ఎవరింట్లో చావైనా శోకం పెట్టడానికి ఆమె కోసం మనిషి వచ్చేవాడు. పోయినవాళ్లు తిన్న గిన్నె, వాళ్ల అలక, వాళ్లు చేను దున్నిన తీరు, అన్నీ ఏడుపులో వరస పెట్టేది. అది విని రాయిలాంటి మగవాళ్లు కూడా తుండుగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకునేవారు. నాకు మాత్రం సిగ్గుగా ఉండేది.

ఆ ఏడే మా చిన్నాయన పోయాడు. కంపెనీలో ట్యాంకు కడగడానికి దిగినవాడు మళ్లీ పైకి రాలేదు. మిట్టమధ్యాహ్నం వాకిట్లో పడుకోబెట్టారు. జీపుల్లో ఆఫీసర్లు వచ్చారు, యూనియన్ వాళ్లు వచ్చారు, నాయినతో పనిచేసే పంతుళ్లంతా వచ్చారు. నాయినమ్మ కొడుకు తల దగ్గర కూర్చుని, కొంగు నడుముకు చుట్టి గొంతెత్తింది.

"సైకిల్ గంట కొట్టుకుంట పోతివి కద కొడుకా..."

"అమ్మా, సాలు. అందరు సూస్తున్నరు" అన్నాడు నాయిన. ఆమె వినలేదు. నాయిన తల దించుకున్నాడు. తమ్ముడు పోయిన దుఃఖం కన్నా ఆ సిగ్గే ఆయన మొహంలో నాకు ముందు కనిపించింది. ఆయన్ను కాపాడాలనుకున్నాను. వెళ్లి నాయినమ్మ నోటి మీద నా చెయ్యి అడ్డం పెట్టాను.

"నాయినమ్మా, పోయినోళ్లకు ఇనవడదు" అన్నాను.

ఆమె నా వైపు చూసింది. నా అరచేతి కింద ఆమె పెదవులు కాసేపు కదిలాయి, తర్వాత ఆగిపోయాయి. "హుషారు పిల్ల" అని ఒక పంతులు నా వీపు తట్టాడు. నిజం చెప్పాలి, నాకు సంతోషమైంది.

తర్వాత నాయినమ్మ బర్రె పాలు పితికింది, బియ్యం ఏరింది, పిలిస్తే పలికింది. గొంతు మాత్రం ఎత్తలేదు. పక్క ఊరినుంచి చావు కబురుతో మనిషి వస్తే, "నా గొంతు పోయింది బిడ్డా, ఇంకోలను సూస్కోండి" అని పంపేసింది. సేటును కూడా ఆటపట్టించడం మానేసింది.

పదకొండు రోజులు గడిచాక తాతయ్య ఆమె ముందు చాప వేసుకుని కూర్చున్నాడు. "అమ్మా, నా పుస్తకం ఆగిపోయింది. మీ పాటలు కావాలె. నువ్వు చెప్పకపోతే నా పని ఖతం" అన్నాడు. అది అబద్ధమని నాకు చాలా ఏళ్ల తర్వాత గాని అర్థం కాలేదు. ఆయన పుస్తకానికి తెలుగు పాటలతో పనే లేదు. నా వైపు తిరిగి, "మీ లిపి నాకు రాదు బేటీ. అమ్మ చెప్తది, నువ్వు రాయాలె" అన్నాడు. నాకు ఇష్టం లేదు. కానీ పెద్దాయన అడిగితే కాదనలేక నోటు పుస్తకం తెచ్చాను.

"నీ పుస్తకంల నా ఏడ్పెందుకు సేటూ?" అని మూడు రోజులు ఆమె మొహం తిప్పుకుంది. ఆయన రోజూ వచ్చి కూర్చుని లేచిపోయేవాడు. నాలుగో రోజు తన అత్త పోయినప్పుడు పెట్టిన శోకం చెప్పింది. తర్వాత చెల్లెలిది, పక్కింటి బాలింతది. నేను రాస్తూ పోయాను. రాసేకొద్దీ నాకు వింతగా అనిపించింది. వాటిలో స్వర్గం లేదు, ఆత్మ లేదు, పూర్వజన్మ లేదు. ఉన్నదల్లా మనిషి, ఆ మనిషి చేసిన పనులు, ఆ మనిషి లేని ఇల్లు. ఇక దేవుణ్ని ఆమె తిట్టిన తిట్లు నాయిన ఉపన్యాసాల్లో కూడా నేను వినలేదు.

చివరికి తాతయ్య మెల్లగా, "ఇప్పుడు నీ కొడుకుది అమ్మా" అన్నాడు.

ఆమె కొంగు నడుముకు చుట్టుకుంది. సైకిల్ గంట మాట అంది. ఆగింది. మళ్లీ అదే అంది. మళ్లీ ఆగింది.

"ఇగ రాదు సేటూ. ఎవరి శోకం ఆల్ల పీనుగు ముందట్నే పుడ్తది. గా పూటది గా పూటకే. ఎల్లిపోయింది."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె నా వైపు చూడలేదు. లేచి బర్రె దగ్గరికి వెళ్లిపోయింది.

తాతయ్య నా ఒళ్లోని నోటు పుస్తకం మూసి పక్కన పెట్టాడు. తర్వాత నాతో తన సంగతి చెప్పాడు. వయసులో ఉన్నప్పుడు ఆయన కూడా సంస్కర్తే. ఆడవాళ్లు వీధిలో గుండెలు బాదుకోవడాన్ని వెక్కిరిస్తూ పెద్ద పద్యం రాసి సభలో చదివాడు. శాలువా కప్పారు. మరుసటి ఏడు ఆయన ఆరేళ్ల కూతురు జ్వరంతో పోయింది. భార్య చెయ్యి గుండె దాకా ఎత్తి, ఆయన మొహం చూసి, దించేసింది. పోయేదాకా ఆ బిడ్డ పేరు మళ్లీ ఎత్తలేదు.

"నా పద్యం అంత బాగా విన్నది ఆమె ఒక్కతే బేటీ" అన్నాడు. "అటెన్క ఊరూరు తిరిగిన. ఎంతో మంది తల్లుల పాటలు దొరికినయ్. నా బిడ్డది దొరకలె. మీ నాయినమ్మ కొడుకుదన్న దొరుకుతదనుకున్న. మర్యాదకని పదకొండు రోజులు ఆగిన. ఆగొద్దుండె."

కొడుక్కి బదిలీ అయి, నేను రాసిన నోటు పుస్తకాన్నీ ట్రంకులో పెట్టుకుని వాళ్లు వెళ్లిపోయాక కొన్నేళ్లకు ఆయన పుస్తకం పోస్టులో వచ్చింది. ఆ లిపి నాకు ఇప్పటికీ చదవరాదు. కానీ చివరి పేజీల్లో నాయినమ్మ పాటలు తెలుగు అక్షరాల్లోనే అచ్చయ్యాయి. ఆమెతో ఆడిన అబద్ధాన్ని ఆయన నిజం చేశాడు. నాయినమ్మను పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ చదివి వినిపించాను. చివరిది ఒక్క వాక్యమే, సైకిల్ గంట మాట. దాని కింద పేజీ అంతా ఖాళీ.

"గంతేనా?" అంది.

"గంతే నాయినమ్మా."

ఆమె తల ఊపింది. 

నేను నాయిన బాటలోనే నడిచాను. ఇప్పటికీ సభల్లో చెబుతాను, ఆత్మ లేదని, పోయినవాళ్లకు వినపడదని. అందులో ఒక్క మాట వెనక్కి తీసుకోను. కానీ ఏడ్చేవాళ్లు పోయినవాళ్లకు వినిపించాలని ఏడవరు. ఈ సంగతి నా చేతికి తెలిసినంతగా నా వాదనకు ఎప్పుడూ తెలియలేదు.

మొన్నామధ్య పటాన్‌చెరులో ఆసుపత్రి గేటు ముందు, ఫ్యాక్టరీలో పోయిన ఒక కుర్రవాడి తల్లి నేల మీద కూర్చుని తన భాషలో శోకం పెడుతోంది. ఒడియా అన్నారు. పరిహారం కోసం ధర్నాకు కూర్చున్న మా సంఘం వాళ్లు మైకు పట్టుకుని, "అక్కా, జెర ఆమెను ఊకోబెట్టు. టీవీ వాళ్లొచ్చిండ్రు, నువ్వు మాట్లాడాలె" అన్నారు. మైకు ఆపమన్నాను. ఆమె అయిపోయేదాకా ఎవరూ మాట్లాడొద్దన్నాను. చాలాసేపు పట్టింది. టీవీ వాళ్లు వెళ్లిపోయారు. నేను మాత్రం ఆమెకు కొంచెం దూరంలో, నా కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని నిలబడ్డాను.